తాతగారి పెన్ను ఉంది, నెలకు అయిదొందలు ఉన్నాయి. ఇంకు పెన్నుల కలెక్షన్ ఎలా మొదలుపెట్టాలి?

కూకట్‌పల్లి కుర్రాడు:

అందరికీ నమస్కారం. నాకు ఇరవై ఆరేళ్లు. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పని చేస్తున్నాను. ఇంటి అద్దె, ఊరికి పంపేది, చెల్లి కాలేజీ ఫీజు పోగా నా సొంతానికి అని నెలకు అయిదొందలు పక్కన పెట్టుకోగలను. అంతకు మించి కుదరదు.

మొన్న వేసవిలో నల్గొండ దగ్గర మా ఊరికి వెళ్తే నానమ్మ ట్రంకు పెట్టె సర్దుతూ తాతయ్య పెన్ను తీసి నా చేతిలో పెట్టింది. తాతయ్య పోస్టుమాస్టరుగా చేసేవారు. లావుపాటి పెన్ను. ఒకప్పుడు నల్లగా ఉండేదట, ఇప్పుడు చిక్కటి టీ రంగులోకి తిరిగింది. క్లిప్పు తుప్పు పట్టింది. పాళీ చుట్టూ నీలం సిరా గడ్డకట్టి పెచ్చులా ఉంది. గొట్టం మీద ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి కానీ అరిగిపోయాయి, చదవలేకపోతున్నాను.

అప్పటి నుంచి రాత్రిళ్లు వీడియోలు చూస్తున్నాను. ఒక్కొక్కరి దగ్గర యాభై, అరవై పెన్నులు ట్రేలలో పేర్చి ఉంటాయి. నాకూ అలా పోగు చేసుకోవాలని బాగా కోరిక పుట్టింది. ఆన్‌లైన్‌లో తొమ్మిది వందలకు అయిదు పెన్నుల సెట్టు ఒకటి కార్ట్‌లో పెట్టాను. కొనేయమంటారా? తాతయ్య పెన్ను మళ్లీ రాస్తుందా? ఏ సిరా పోయాలి? అసలు ఈ డబ్బుతో కలెక్షన్ అనేది కుదిరే పనేనా? పదో తరగతి అయ్యాక నేను ఇంకు పెన్ను పట్టుకున్నదే లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

మల్కాజిగిరి తెలుగు మాస్టారు:

ముందు ఆ కార్ట్ ఖాళీ చెయ్యి బాబూ. ఆ పెన్నులు చెడ్డవని కాదు, కొన్ని బాగానే రాస్తాయి. కానీ అయిదూ ఒకేలా రాస్తాయి. పాళీ ఒకటే, లోపలి గొట్టం ఒకటే, పైన రంగులే వేరు. నెల తిరిగేసరికి ఒకదానితో రాస్తుంటావు, మిగతా నాలుగింటిలో సిరా ఎండిపోయి ఉంటుంది. తొమ్మిది వందలంటే నీకు రెండు నెలల డబ్బు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ స్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర ఇరవై రెండు పెన్నులున్నాయి, ఇరవై ఒకటి రాస్తాయి. ఆ రాయనిదాని సంగతి తర్వాత చెప్తాను. స్కూలు జీతంతో, ముగ్గురు పిల్లల చదువుల మధ్య కొన్నవే అన్నీ. కాబట్టి అయిదొందలతో కుదురుతుందా అన్న బెంగ వద్దు. కుదురుతుంది, నిదానంగా కుదురుతుంది.

నీ చేతిలో ఉన్న పెన్ను దేనితో చేశారో ముందు తెలుసుకో. గొట్టాన్ని బొటనవేలితో ఒక అర నిమిషం గట్టిగా రుద్ది వెంటనే వాసన చూడు. పాత సైకిల్ ట్యూబు వాసన, అందులో కాస్త గంధకం కలిసినట్టు వస్తే అది ఎబొనైట్. రబ్బరులో గంధకం బాగా ఎక్కువ వేసి చాలాసేపు వేడి మీద ఉంచితే కొమ్ములా గట్టిపడుతుంది. ఆ కడ్డీని లేతు మీద తిప్పి పెన్ను చేస్తారు. ఏళ్ల తరబడి వెలుతురు తగిలితే పైపొర మారిపోయి నలుపు కాస్తా గోధుమ రంగుకు తిరుగుతుంది. నువ్వు టీ రంగు అన్నావు చూడు, అక్కడే నాకు అనుమానం వచ్చింది. మూత తీసి, మూత కప్పి ఉంచిన భాగం చూడు. అక్కడ ఇంకా నల్లగా ఉంటే దాదాపు ఖాయం.

ఇక కడగడం. వేడి నీళ్లు మాత్రం వద్దు, ఎబొనైట్ రంగు ఇంకా పాడవుతుంది. స్పిరిట్, థిన్నర్ లాంటివి దగ్గరికి రానివ్వకు. పాళీ ఉన్న ముందు భాగాన్ని మరల దగ్గర తిప్పి ఊడదీసి, స్టీలు గిన్నెలో చల్లటి నీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, అందులో ఉంచు. ఊడి రాకపోతే బలవంతం చెయ్యకు, అలాగే నిలువుగా ముంచి ఉంచు. కాసేపటికి పాళీ చివర నుంచి సిరా నీలం పొగలాగా, దారాలు దారాలుగా కిందికి దిగుతుంది. మీ తాతగారు ఆఖరుసారి పోసిన సిరా అది. పొద్దునా సాయంత్రం నీళ్లు మారుస్తూ ఉండు. రెండు రోజులు పట్టొచ్చు, వారం పట్టొచ్చు. నీళ్లు తెల్లగా ఉండిపోయిన రోజున ఆపు.

పాళీ పీకే ప్రయత్నం మాత్రం చెయ్యకు. నా దగ్గర రాయని పెన్ను ఒకటుందన్నాను కదా, అది మా నాన్నగారిది. 1994లో ఓపిక లేక పాళీని ప్లయరుతో పట్టి లాగాను. పాళీ కింద నాలుకలాంటి నల్లటి ముక్క ఉంటుంది, ఫీడ్ అంటారు, అది రెండుగా విరిగింది. ఇంకో రెండు రోజులు నానబెట్టి ఉంటే అదే జారి వచ్చేది. ఇప్పటికీ ఆ డబ్బా మూత తీసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. నువ్వు ఆ పని చెయ్యకు.

శుభ్రమయ్యాక లోపల చూడు. రబ్బరు తిత్తి గానీ, పిస్టన్ గానీ లేకుండా ఖాళీ గొట్టమే ఉంటే అది ఫిల్లరుతో నేరుగా సిరా పోసే పెన్ను. మన స్కూలు రోజుల్లో అన్నీ అవే. అలాంటి లావు గొట్టంలో మూడు మిల్లీలీటర్ల దాకా పడుతుంది. ఈనాటి పెన్నుల్లో సిరా పీల్చుకునే చిన్న గొట్టం ఉంటుంది, కన్వర్టర్ అంటారు, చాలావాటిలో ఒక మిల్లీలీటరు కూడా పట్టదు. అరవై మిల్లీలీటర్ల బుడ్డి కొంటే ఇరవై సార్లు నింపుకోవచ్చు. మర దగ్గర కారకుండా సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. వాటర్ ఫిల్టర్ రిపేరు చేసేవాళ్లు రబ్బరు రింగులకు రాస్తారే, అదే. మీ అపార్టుమెంటుకు వచ్చే అతన్ని అడిగితే వేలి కొసంత ఇస్తాడు, అది నీకు ఏడాది వస్తుంది. వాజలీన్ రాయమని ఎవరైనా చెప్తే వినకు, అది రబ్బరు సరుకును మెల్లగా తినేస్తుంది.

సిరా విషయంలో అసలు ఆలోచించకు. కామెల్, బ్రిల్ రెండూ మన దగ్గర ఏ పెద్ద స్టేషనరీ షాపులోనైనా దొరుకుతాయి, బుడ్డికి పెద్ద ఖర్చు కాదు. రాయల్ బ్లూతో మొదలుపెట్టు. నీళ్లతో తేలిగ్గా పోతుంది కాబట్టి పాత పెన్నుకు అదే క్షేమం. కలకత్తా సులేఖ సిరా కూడా మళ్లీ వస్తోంది, 1934లో స్వదేశీ ఉద్యమం రోజుల్లో మొదలైన కంపెనీ అది, తర్వాత ఎప్పుడైనా చూడు. బొమ్మలకు వాడే డ్రాయింగ్ ఇంకు మాత్రం పొరపాటున కూడా పోయకు. అందులో లక్క లాంటిది ఉంటుంది, ఎండితే లోపల అంటుకుపోయి ఇక ఊడదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మాట. ఈ వీడియోలు చేసేవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లీషు రాసి పెన్ను చూపిస్తారు. మనం రాసేది తెలుగు. తెలుగు అక్షరం గుండ్రం. పాళీ ప్రతి అక్షరానికీ సుడి తిరగాలి, ఎదురు తోసుకుంటూ పైకి వెళ్లాలి. ఇంగ్లీషుకు హాయిగా సరిపోయే మీడియం పాళీతో మామూలు రూళ్ల నోటుబుక్కులో ‘ఘ’ రాయి, ‘ఋ’ రాయి. కడుపులో సిరా నిండిపోయి అక్షరం ముద్దవుతుంది. వత్తుల దగ్గర ఇంకా కష్టం. అందుకే నేను ఏ పెన్ను కొనబోయినా సంతకం పెట్టి చూడను. ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘కణకణ’ ఈ మూడు మాటలే రాస్తాను. ‘రాష్ట్రం’లో కింద వత్తు మీద వత్తు విడివిడిగా కనపడాలి. ‘లక్ష్మి’లో మకారపు వత్తు షకారపు వత్తుకు తగలకుండా నిలవాలి. ‘కణకణ’లో తలకట్టు ఉంది చూడు, ఆ చిన్న గీత పైకి ఎగదోసేటప్పుడు పాళీ కాగితాన్ని గీరకూడదు. అడ్డగీతలు ఎన్ని గీసినా బయటపడని లోపం ఆ తలకట్టు దగ్గర బయటపడుతుంది. ఈ పరీక్షకు నిలిచే పాళీ సాధారణంగా ఫైన్. ఒకే ఫైన్ అన్నా జపాన్ వాళ్ల ఫైన్ యూరప్ వాళ్లదానికన్నా సన్నం. వాళ్లకూ చిన్న చోట కిక్కిరిసిన గీతల లిపి ఉంది కదా, మన వత్తులకు బాగా పనికొస్తుంది.

పాళీ చూడటం కూడా నేర్చుకో, దీనికి పైసా ఖర్చు లేదు. ట్యూబులైటుకు ఎదురుగా పెట్టి మధ్యలో చీలిక చూడు. గాలి రంధ్రం దగ్గర వెలుతురు సన్నటి గీతగా కనిపించి, కొసకు వచ్చేసరికి ఇంకా సన్నబడి మాయమవ్వాలి. ఆ సన్నబడటం వల్లే సిరా తనంతట తాను కొసకు వస్తుంది. తర్వాత కొసను ముందు నుంచి చూడు. రెండు రెక్కలూ ఒకే మట్టంలో ఉండాలి. ఒకటి ఎత్తుగా ఉంటే గీరుతుంది. గోటితో, అర సెకను, చాలా మెల్లగా ఎత్తుగా ఉన్నదాన్ని కిందికి నొక్కి మళ్లీ చూడాలి. నా పెన్నుల్లో సగం ఇలా దారికి వచ్చినవే.

డబ్బు సంగతి ఇలా చూడు. మొదటి నెల మీ తాతగారి పెన్ను, ఒక సిరాబుడ్డి, మంచి నోటుబుక్కు. రెండో నెల మన దేశంలో చేసిన మామూలు ప్లాస్టిక్ ఫిల్లరు పెన్ను ఒకటి, ముంబయి ఎయిర్‌మెయిల్ వాళ్లవి, వాలిటీ పేరుతో వచ్చేవి చూడు. అది రోజూ జేబులో పెట్టుకోవడానికి. పోయినా గుండె ఆగిపోదు. ఆ తర్వాత నాలుగైదు నెలలు ఏమీ కొనకు. ఆ డబ్బు దాచు. దాచి, అబిడ్స్ వెళ్లు.

అబిడ్స్‌లో దక్కన్ పెన్ స్టోర్స్ ఉంది. 1928లో పెట్టింది, అంటే ఏడో నిజాం పరిపాలిస్తున్న రోజులు. వాళ్ల పేరుతోనే చేతితో చేసిన ఎబొనైట్ పెన్నులు ఉన్నాయి. అడ్వకేట్ అని ఒక రకం, పేరుకు తగ్గట్టు నిండుగా ఉంటుంది. నేను మొదటిసారి దాన్ని పట్టుకున్నది డీఏ బకాయిలు వచ్చిన రోజున. ప్లాస్టిక్ పెన్ను చేతికి చల్లగా తగులుతుంది. ఎబొనైట్ అలా కాదు, రెండు నిమిషాల్లో చేతి వేడి పట్టేస్తుంది, చెమట పట్టినా జారదు. పది పేజీలు రాశాక తేడా వేళ్లకు తెలుస్తుంది. పాళీ సిరాలో ముంచి రాసి చూస్తానని అడుగు, మొహమాటపడకు. పైన చెప్పిన మూడు మాటలూ రాయి. మీ తాతగారి పెన్ను కూడా పట్టుకెళ్లి చూపించు.

రెండోది రాజమండ్రి. మన తెలుగువాళ్లకు ఈ విషయంలో గర్వపడాల్సిన చరిత్ర ఉంది. రత్నం పెన్నులు 1932లో అక్కడ మొదలయ్యాయి. కె.వి. రత్నంగారు పూర్తిగా మన దేశంలోనే చేసిన పెన్నును గాంధీగారికి పంపించారు. గాంధీగారి గ్రామ పరిశ్రమల సంఘం పని చూసిన కుమారప్పగారి చేతుల మీదుగా అది అందింది. పరదేశపు పెన్నులకు బదులు వాడుకోవచ్చని మెచ్చుకుంటూ 1935 జులైలో గాంధీగారు ఉత్తరం రాశారు. అక్కడే గైడర్ పెన్నులు కూడా చేస్తారు. మన భాష మాట్లాడే ఊళ్లో, చేత్తో తిప్పి చేసిన పెన్నుల కోసం విదేశాల నుంచి జనం రాసి తెప్పించుకుంటారు. మనకు రాత్రి రైలు ఎక్కితే తెల్లవారేసరికి చేరే దూరం. ఏడాదికి ఒక్కటి, అలాంటి పెన్ను. నీ కలెక్షన్‌కు ఇదే దారి అని నా గట్టి అభిప్రాయం. జర్మనీ, జపాన్ పెన్నులు ఎక్కడికీ పోవు, జీతం పెరిగాక కొనొచ్చు. చేత్తో చేసేవాళ్లు మాత్రం తగ్గిపోతున్నారు.

గొట్టం మీది అక్షరాల సంగతి మర్చిపోయాను. గదిలో లైటు ఆపేసి, ఫోను టార్చిని పెన్నుకు దాదాపు ఆనించి పక్క నుంచి వెయ్యి. నీడలు పడి అక్షరాలు లేస్తాయి. పాలిష్ మాత్రం చేయించకు, ఉన్న కాస్తా చెరిగిపోతుంది.

అశోక్‌నగర్ నుంచి:

మాస్టారి పోస్టు రెండుసార్లు చదివాను. ‘రాష్ట్రం’ పరీక్ష ఇప్పుడే నా పెన్నుతో చేసి చూశాను, పాసయింది. కానీ ఒక్కచోట నాది వేరే మాట, తమ్ముడికి చెప్పాలి.

నేను గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. రోజూ ఇరవై పేజీలకు తక్కువ కాకుండా తెలుగులో రాస్తాను. బాల్‌పెన్నుతో రాసినన్ని రోజులు సాయంత్రానికి బొటనవేలి మొదట్లో నొప్పి వచ్చేది. ఇంకు పెన్నుకు మారాక నొక్కి రాయాల్సిన పని లేదు కాబట్టి ఆ నొప్పి పోయింది. మొదట ఫిల్లరు పెన్నే వాడాను. ఆర్టీసీ బస్సులో, బ్యాగులో అడ్డంగా పడి, ఎండకు వేడెక్కి, మూతలోకి సిరా కక్కేది. ఒకరోజు నాలుగు గంటలు కూర్చుని రాసిన ఎకానమీ నోట్స్ మొత్తం నీలం అయిపోయింది. ఆ రోజు ఏడ్చాను.

తర్వాత ప్లాటినం అనే జపాన్ కంపెనీది ప్రెప్పీ అనే పెన్ను కొన్నాను, 03 సైజు, అంటే ఫైన్. నేను కొన్నప్పుడు నాలుగు వందల లోపే పడింది, అంటే నీ ఒక నెల డబ్బు. దాని మూత లోపల స్ప్రింగుతో నొక్కుకునే చిన్న గిన్నె ఉంటుంది, పాళీని గాలి తగలకుండా మూసేస్తుంది. ఎన్నో వారాలు వదిలేసినా తీయగానే రాస్తుంది. అందులో సిరా నింపి వచ్చే చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని క్యాట్రిడ్జి అంటారు, ఖాళీ అయ్యాక దాన్ని పారెయ్యకు. మెడికల్ షాపులో సిరంజి కొని, అదే క్యాట్రిడ్జిలో బుడ్డి సిరా ఎక్కించుకోవచ్చు. నేను ఒకే క్యాట్రిడ్జిని ఏడాదిగా నింపుతున్నాను. ఆఫీసుకు మెట్రోలో తిరిగే మనిషికి రెండో పెన్నుగా ఇదే నయమని నాకనిపిస్తోంది. ఎబొనైట్ పెన్ను ఇంట్లో టేబుల్ దగ్గర ఉండనీ.

ఇంకోటి, కాగితం. ఈ విషయం ఎవరూ ముందు చెప్పరు. కొన్ని నోటుబుక్కుల్లో సిరా వేర్లు తన్నినట్టు పక్కలకు పాకుతుంది, సన్నపాళీతో రాసినా వత్తులు మసకబారతాయి. పాళీ మీద కోపం వస్తుంది కానీ తప్పు కాగితానిది. ఒకే కంపెనీ నోటుబుక్కు కూడా ఒక్కో లాటులో ఒక్కోలా వస్తుంది. కాబట్టి డజను కొనేముందు ఒకటి కొని ఆఖరి పేజీలో రాసి చూడు, వెనక్కి తిప్పి చూడు. బాగుంటే అదే రోజు వెళ్లి మిగతావి తెచ్చుకో. జిరాక్సు కాగితాల్లో డెబ్బై అయిదు జీఎస్‌ఎం కన్నా మందంగా ఉన్నది అడిగితే రెండు వైపులా రాసుకోవచ్చు.

బోరబండ పాత సామాన్లు:

సెకండ్‌హ్యాండ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. ఎర్రగడ్డ సండే మార్కెట్, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలు, ఈ రెండు చోట్లా అప్పుడప్పుడు పాత పెన్నులు తగులుతాయి. పొద్దున్నే వెళ్లాలి. కానీ అన్నా, మొదటి ఏడాది కొనకు, చూసి రా చాలు.

నేను మొదట్లోనే పార్కర్ 51 అని చెప్తే నమ్మి ఎనిమిది వందలు పెట్టాను. పార్కర్ 51 అంటే 1941లో వచ్చిన పెన్ను, పాళీ అంతా ముందు తొడుగులో దాక్కుని కొస మాత్రమే బయటికి కనిపిస్తుంది. చైనా హీరో 616 కూడా అదే పోలికతో చేసిందే, మన ఇళ్లలో చాలామంది వాడారు. నాకు అంటగట్టింది హీరో కూడా కాదు. ఇంటికొచ్చి తిప్పితే తొడుగు ఫెవిక్విక్‌తో అతికించి ఉంది. లోపల సిరా తిత్తి ఎండిన చింతతొక్కులా పొడిపొడి అయ్యింది. అమ్మినాయన తర్వాతి వారం అక్కడ లేడు.

ఇప్పుడు వెళ్తే జేబులో చిన్న భూతద్దం, ఒక నీళ్ల సీసా, నాలుగు కాగితాలు పెట్టుకుంటా. పాళీ కొస మీద గుండ్రటి మెరిసే చుక్క ఉండాలి, గట్టి లోహం అతికించిన చుక్క అది. అరిగి చదునుగా ఉంటే ఆ పెన్ను ఇంకొకరి చేతి వాటానికి అలవాటు పడ్డట్టే. మూత అంచున వెంట్రుకంత పగులు ఉందేమో వెలుతురుకు పెట్టి చూడాలి. పాళీ నీళ్లలో ముంచి రాస్తే రంగు వస్తుంది, పాత సిరా ఎంత ఉందో దాన్ని బట్టి తెలుస్తుంది. వంద రూపాయలు దాటి అడిగితే, తిప్పి ఊడదీసి లోపల చూడనిస్తేనే బేరం. లేదంటే దండం పెట్టి వచ్చేస్తా.

కూకట్‌పల్లి కుర్రాడు:

మూడు వారాలకు వస్తున్నాను, క్షమించండి. అందరికీ చాలా థ్యాంక్స్.

మాస్టారూ, రుద్ది వాసన చూశాను. సైకిల్ ట్యూబు వాసనే! నా రూమ్‌మేట్ చేత కూడా చూపించాను, వాడూ అదే అన్నాడు. మూత కింద భాగం ఇప్పటికీ నిగనిగలాడే నలుపు. టార్చి పక్క నుంచి వేస్తే ‘రాజమండ్రి’ అనే మాట స్పష్టంగా లేచింది. దాని ముందున్న పేరు మాత్రం పూర్తిగా అరిగిపోయింది, ఎన్ని రకాలుగా చూసినా రాలేదు. ఆ పెన్ను తాతయ్య స్వయంగా వెళ్లి కొన్నారో, ఎవరైనా తెచ్చిచ్చారో నానమ్మకు కూడా గుర్తులేదు.

కార్ట్ ఖాళీ చేశాను. ఆరు రోజులు నానబెట్టాను. మొదటి రాత్రి రూమ్‌లో లైటు వేసి ఆ గిన్నె పక్కనే కూర్చున్నాను. మీరన్నట్టే దారాలు దారాలుగా దిగింది. ఆఖరుసారి పోసిన సిరా అని మీరు రాసిన మాట గుర్తొచ్చి ఆ నీళ్లు పారబోయబుద్ధి కాలేదు, ఒక చిన్న సీసాలో కొంచెం తీసి పెట్టుకున్నాను. అయిదో రోజు ముందు భాగం దానంతట అదే తిరిగింది. లోపల ఖాళీ గొట్టమే. వాటర్ ఫిల్టర్ అతను గ్రీజు ఊరికే ఇచ్చాడు.

ఖర్చు చెప్తాను: బ్రిల్ రాయల్ బ్లూ, ఫిల్లరు, ఒక నోటుబుక్కు, మొత్తం రెండొందల లోపే అయింది. మిగిలింది డబ్బాలో వేశాను. అశోక్‌నగర్ అక్కా, ఆఖరి పేజీలో రాసి చూసే కొన్నాను. ప్రెప్పీ వచ్చే నెలకు.

‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘కణకణ’ మూడూ రాశాను. మొదటి రెండూ బాగున్నాయి. ‘కణకణ’ దగ్గర కొంచెం గీరింది. ట్యూబులైటుకు పెట్టి చూస్తే కుడి రెక్క ఎత్తుగా ఉంది. గోటితో నొక్కాలంటే చేయి వణికింది మాస్టారూ. మూడోసారికి సరిపోయింది. ఇప్పుడు జారిపోతోంది.

మొదటి పేజీ నానమ్మకు ఉత్తరం రాశాను. ఎప్పుడూ ఫోన్లో మాట్లాడటమే, ఉత్తరం రాయడం ఇదే మొదలు. కవరు మీద చిరునామా కూడా ఆ పెన్నుతోనే రాశాను. రేపు పోస్టులో వేస్తాను.

ఒక్క అనుమానం. నిన్న సాయంత్రం దాకా బాగా రాసి, ఉన్నట్టుండి కాగితం మీద పెద్ద చుక్క పడింది. మర దగ్గర ఏమీ కారలేదు. గ్రీజు తక్కువైందా?

మల్కాజిగిరి తెలుగు మాస్టారు:

గ్రీజు తప్పు కాదు బాబూ. సిరా ఎంత మిగిలిందో చూశావా? గొట్టంలో పావు వంతుకు తగ్గితే మిగతాదంతా గాలే. చేతి వేడికి ఆ గాలి ఉబ్బి సిరాను బయటికి తోస్తుంది. పావు వంతు మిగిలి ఉండగానే నింపుకో, చుక్క పడదు. గొట్టం సగమే నింపాల్సి వస్తే పెన్నును నిలువుగా పాళీ పైకి ఉండేలా పట్టుకుని ఒక నిమిషం అరచేతిలో ఉంచి, తర్వాత రాయి. జేబులో కూడా పాళీ పైకే ఉండాలి.

రెండో నెలకు నేను ఫిల్లరు పెన్ను చెప్పాను కానీ, మెట్రోలో తిరిగేవాడికి అశోక్‌నగర్ అమ్మాయి చెప్పిందే సబబు. ప్రెప్పీ తీసుకో.

రేపు పోస్టులో వేస్తానన్నావు. బయట చూస్తే వాన. రాయల్ బ్లూ నీళ్లకు పోతుందని నేనే చెప్పాను. ఇంట్లో తెల్ల కొవ్వొత్తి ఉంటే చిరునామా మీద, పిన్‌కోడ్ మీద మెల్లగా రెండుసార్లు రుద్దు. మైనం పట్టుకుని అక్షరం తడవదు. అది చేశాకే డబ్బాలో వెయ్యి.